అమెరికాలో ఫెడరల్ జడ్జిని అసలు ఎంపిక చేసేది ఎవరు?

ఫ్రిస్కో శ్రీను:

అందరికీ నమస్తే. మా ఆవిడ హెచ్4 ఈఏడీ (హెచ్1బీ ఉద్యోగుల భార్య లేదా భర్తకు ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తోంది. దాన్ని రద్దు చేయాలని వేసిన కేసు కోర్టుల్లో నలిగినన్నాళ్ళూ మా వాట్సాప్ గ్రూపులో టెన్షనే టెన్షన్. 2023 మార్చిలో వాషింగ్టన్‌లో జడ్జి తాన్యా చట్కన్ ఈఏడీ చెల్లుతుందని తీర్పు ఇస్తే, "ఆవిడ ఒబామా జడ్జి కదా, అలాగే ఇస్తుంది" అన్నాడు ఒకాయన. 2025 జనవరిలో బర్త్‌రైట్ సిటిజన్‌షిప్ (అమెరికాలో పుట్టగానే వచ్చే పౌరసత్వం) మీద ట్రంప్ పెట్టిన ఆంక్షల ఆర్డరును సియాటిల్ జడ్జి ఆపేసినప్పుడు అదే గ్రూపులో "ఈయన రీగన్ జడ్జి, అయినా ఆపేశాడేంటి" అని తెగ ఆశ్చర్యపోయారు.

నా డౌటు ఇదీ. ప్రెసిడెంటు తనకు నచ్చినవాళ్ళను తెచ్చి కూర్చోబెట్టుకుంటాడా? మరి సెనేట్ చేసేదేంటి? టీవీలో చూపించే హియరింగ్‌లోనే అసలు పరీక్ష జరుగుతుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

మిర్చి యార్డు:

పార్టీల గొడవ లేకుండా అమెరికా జడ్జిల గురించి చెప్పాలా? ఉప్పు లేకుండా ఆవకాయ పెట్టమన్నట్టుంది శ్రీను గారూ.

న్యూజెర్సీ లలిత:

నేను లాయర్‌ని కాను, లా ఆఫీసులో పారాలీగల్‌ని, అంటే లాయర్లకు సహాయకురాలిని. రోజూ ఫెడరల్ కోర్టు ఫైలింగులతోనే పని కాబట్టి తెలిసినంత చెప్తాను.

రాజ్యాంగంలో దీని గురించి ఉన్నది చాలా తక్కువ. ప్రెసిడెంటు పేరు ప్రతిపాదించాలి, సెనేట్ సలహా, సమ్మతి ఇవ్వాలి, అంతే. అది ఆర్టికల్ 2లో ఉంది. ఆర్టికల్ 3 ఏమంటుందంటే, నడవడిక సరిగ్గా ఉన్నంతకాలం జడ్జి పదవిలో ఉంటారు, పదవిలో ఉండగా జీతం తగ్గించకూడదు. అర్హతలు ఏమీ రాయలేదు. వయసు, పౌరసత్వం, లా డిగ్రీ, ఏదీ లేదు. ప్రెసిడెంటు మాత్రం పుట్టుకతోనే అమెరికా పౌరుడై ఉండాలి, జడ్జికి ఆ షరతు లేదు. మీరు చెప్పిన చట్కన్ గారు జమైకాలో పుట్టారు. డీసీ సర్క్యూట్ (వాషింగ్టన్‌లోని అప్పీల్స్ కోర్టు, ఈ కోర్టులనే సర్క్యూట్ అంటారు) చీఫ్ జడ్జి శ్రీ శ్రీనివాసన్ చండీగఢ్‌లో పుట్టారు.

మిగతాదంతా సెనేట్ కాలక్రమంలో పెట్టుకున్న ఆనవాయితీ. ఇది గుర్తుపెట్టుకుంటే సగం అయోమయం పోతుంది. చట్టం అయితే మార్చడానికి చట్టం కావాలి. ఆనవాయితీని మార్చడానికి మెజారిటీ ఉన్న పార్టీకి మనసొస్తే చాలు.

బేఏరియా రమణ:

లలిత గారూ, ముందు అసలు ఫెడరల్ జడ్జి అంటే ఎవరో తేల్చండి. 2024లో విజయవాడ అమ్మాయి జయ బాడిగ గారు శాక్రమెంటోలో జడ్జి అయినప్పుడు మన పేపర్లన్నీ "అమెరికా జడ్జిగా తెలుగు మహిళ" అని రాశాయి. ఆవిడ ప్రమాణ స్వీకారంలో తెలుగులో మాట్లాడిన వీడియో మా ఇంట్లో అందరూ చూశారు. ఆవిడను ట్రంపో బైడెనో వేశారని మా మావయ్య ఇప్పటికీ అనుకుంటున్నాడు.

న్యూజెర్సీ లలిత:

అడిగి మంచిపని చేశారు రమణ గారూ. జయ గారిది కౌంటీ సుపీరియర్ కోర్టు, అంటే రాష్ట్ర కోర్టు. ఆవిడను నియమించింది కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్. అక్కడ ఆ జడ్జిలు టర్మ్ అయ్యాక ప్రజల ఓటుకు నిలబడాలి. శ్రీను గారు ఉండే టెక్సాస్‌లో అయితే జిల్లా జడ్జి నుంచి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పార్టీ గుర్తింపుతోనే ఎన్నికల్లో పోటీ చేస్తారు. బ్యాలెట్ పేపరు అంత పొడుగుండటానికి అదొక కారణం.

ఫెడరల్ జడ్జి అంటే జీవితకాలం పదవి ఉన్నవాళ్ళు. సుప్రీంకోర్టులో 9 మంది, అప్పీల్స్ కోర్టుల్లో 179 మంది, కింద 94 జిల్లా కోర్టుల్లో మిగతావాళ్ళు. అన్నీ కలిపితే 870 దాకా సీట్లు. టీవీలో గొడవంతా ఆ 9 సీట్ల గురించే. మన ఈఏడీ లాంటి కేసులు నడిచేది, చాలావరకు ముగిసేది మాత్రం కింది రెండు మెట్లలోనే. ఈఏడీ కేసులో 2024 ఆగస్టులో డీసీ సర్క్యూట్ కింది తీర్పును ఖాయం చేసింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు. అంటే ఆ 9 మంది ఆ కేసులో నోరు విప్పనే లేదు.

ఫ్రిస్కో శ్రీను:

ఇది నాకు కొత్త విషయం. మరి ఆ 870 మందిని ప్రెసిడెంటు ఒక్కడే ఎలా వెతుకుతాడు?

న్యూజెర్సీ లలిత:

వెతకడు. జిల్లా కోర్టు సీటు ఖాళీ అయితే ముందు కదిలేది ఆ రాష్ట్రం సెనేటర్లు. చాలా రాష్ట్రాల్లో సెనేటర్లు లోకల్ లాయర్లతో ఒక కమిటీ వేసుకుంటారు. ఆసక్తి ఉన్న లాయర్లు, రాష్ట్ర కోర్టు జడ్జిలు, మెజిస్ట్రేట్లు అప్లికేషన్ పెట్టుకుంటారు. కమిటీ ఇంటర్వ్యూ, తర్వాత సెనేటర్ ఇంటర్వ్యూ. నచ్చిన పేర్లు వైట్‌హౌస్ కౌన్సెల్ ఆఫీసుకు, అంటే ప్రెసిడెంటు న్యాయ సలహాదారుల దగ్గరికి వెళ్తాయి. అక్కడ మళ్ళీ ఇంటర్వ్యూ, న్యాయశాఖ పరిశీలన, ఎఫ్‌బీఐ వాళ్ళు వచ్చి పాత ఇంటి పక్కవాళ్ళను కూడా అడగడం. ఇంత అయ్యాక ప్రెసిడెంటు పేరు ప్రకటిస్తాడు.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. సెనేట్ జుడీషియరీ కమిటీ వెబ్‌సైట్లో ప్రతి అభ్యర్థీ నింపిన ప్రశ్నావళి పీడీఎఫ్ ఉంటుంది. ఎవరిదైనా ఒకటి తెరవండి. రాసిన వ్యాసాలు, ఇచ్చిన ఉపన్యాసాలు, వాదించిన 10 ముఖ్యమైన కేసులు, అవతలి లాయర్ల పేర్లతో సహా ఉంటాయి. చివరికొచ్చేసరికి "మీ ఎంపిక మొదటి నుంచి ఎలా జరిగిందో చెప్పండి" అని ఒక ప్రశ్న. అక్కడ వాళ్ళే తేదీలతో రాసుకుంటారు, ఫలానా రోజు సెనేటర్ కమిటీకి అప్లై చేశాను, ఫలానా రోజు వైట్‌హౌస్ వాళ్ళు మాట్లాడారు అని. ఫలానా కేసులో ఎలా తీర్పు ఇస్తావని ఎవరైనా మాట తీసుకున్నారా అని కూడా ఆ కిందే అడుగుతారు. "లేదు" అనే రాస్తారనుకోండి.

టీవీలో హియరింగ్ వచ్చే నాటికి నెలల తరబడి జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది. నా లెక్కలో అసలు ఎంపిక అదే.

మిర్చి యార్డు:

అయితే సెనేటర్‌కు కావలసినవాడు అయితే చాలన్నమాట. మన దగ్గర ఎమ్మెల్యే సిఫారసు లెటరు, అక్కడ సెనేటర్ లెటరు.

ఎల్‌ఎల్‌ఎం సాహితి:

అలా తేలిగ్గా తీసిపారేయకండి అన్నా. సెనేటర్ చేతిలో నిజంగానే ఒక కాగితం ఉంది, దాని పేరు బ్లూ స్లిప్. వందేళ్ళ పైబడిన ఆనవాయితీ. సెనేట్ జుడీషియరీ కమిటీ ఛైర్మన్ ఆ రాష్ట్రం సెనేటర్లు ఇద్దరికీ నీలం రంగు ఫారం పంపుతాడు. వాళ్ళు ఒప్పుకుంటున్నట్టు తిప్పి పంపాలి. పంపకుండా టేబుల్ సొరుగులో పడేస్తే ఆ అభ్యర్థికి హియరింగే ఉండదు. కారణం చెప్పక్కర్లేదు.

ట్రంప్ మొదటి టర్మ్‌లో ఛైర్మన్‌గా ఉన్న రిపబ్లికన్ గ్రాస్లీ అప్పీల్స్ కోర్టు సీట్లకు దీన్ని పక్కన పెట్టేశారు, జిల్లా కోర్టులకు ఉంచారు. తర్వాత డెమోక్రాట్ల డర్బిన్ వచ్చి సరిగ్గా అదే పద్ధతి కొనసాగించారు. 2025లో ట్రంప్ ఆ మిగిలింది కూడా తీసేయమని బహిరంగంగా ఒత్తిడి పెట్టినా గ్రాస్లీ వినలేదు. సొంత పార్టీ ప్రెసిడెంటుకే నో చెప్పాడంటే చూడండి. రేపు మళ్ళీ ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు తమ సెనేటర్లకూ ఆ కాగితం కావాలి మరి.

దీనివల్ల బేరాలు కూడా కుదురుతాయి. న్యూయార్క్‌లో డయాన్ గుజరాతీ అనే ప్రాసిక్యూటర్‌ను 2016లో ఒబామా ప్రతిపాదించాడు, సెనేట్ ముట్టుకోలేదు. 2018లో అదే ఆవిడ పేరును ట్రంప్ పంపాడు. 2020 సెప్టెంబరులో 99-0 తో గెలిచింది. ఇప్పుడు చెప్పండి, ఆవిడ ఎవరి జడ్జి?

ఫ్రిస్కో శ్రీను:

99-0 నా! ఈ రోజుల్లో పోస్టాఫీసుకు పేరు పెట్టడానికైనా అన్ని ఓట్లు వస్తాయా?

బేఏరియా రమణ:

ఒకప్పుడు మామూలే. సుప్రీంకోర్టుకు 1986లో స్కాలియా 98-0, 1993లో గిన్స్‌బర్గ్ 96-3. ఇద్దరూ పూర్తిగా ఎదురెదురు భావాలవాళ్ళు. మన భారతీయ మూలాలవాళ్ళనే చూడండి. శ్రీనివాసన్ 2013లో 97-0. అమూల్ థాపర్ 2017లో సిక్స్త్ సర్క్యూట్‌కు 52-44. నియోమీ రావు 2019లో డీసీ సర్క్యూట్‌కు 53-46. ముగ్గురూ తెలివితేటల్లో ఎవరికీ తీసిపోరు. మధ్యలో సెనేట్ మారిపోయింది.

వరంగల్ అడ్వకేట్:

అది ఎందుకు మారిందో కూడా చెప్పుకోవాలి రమణ గారూ. ఇంతకుముందు చర్చ ఆపి ఓటింగ్‌కు పోవాలంటే 60 ఓట్లు కావాలి. అంటే అవతలి పార్టీ నుంచి కొందరైనా కలిసి రావాలి, కాబట్టి ప్రెసిడెంటు కూడా కాస్త మధ్యేమార్గంగా ఉన్నోళ్ళ పేర్లే పంపేవాడు. 2013 నవంబరులో డెమోక్రాట్ల హ్యారీ రీడ్ కింది కోర్టులకు ఆ 60 తీసేసి మామూలు మెజారిటీ చాలన్నాడు. రిపబ్లికన్లు అడ్డం పడుతున్నరు, వేరే దారి లేదన్నాడు. "మీరు దీనికి పశ్చాత్తాపపడుతరు" అని సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మెకానెల్ అప్పుడే హెచ్చరించిండు. 2017 ఏప్రిల్‌లో ట్రంప్ సుప్రీంకోర్టు అభ్యర్థి గోర్సచ్ కోసం ఆయనే సుప్రీంకోర్టుకు కూడా 60 తీసేసిండు. 2019లో జిల్లా జడ్జిల మీద చివరి చర్చను 30 గంటల నుంచి 2 గంటలకు కుదించిండు.

ఇగ అప్పటి నుంచి లెక్క సులువు. సెనేట్ మనదైతే జడ్జి మనోడే. ట్రంప్ మొదటి టర్మ్‌లో 234 మంది, బైడెన్ టర్మ్‌లో 235 మంది. పోటీ పడి అచ్చు వేసినట్టు వేసిండ్రు.

మిర్చి యార్డు:

మెరిక్ గార్లండ్ సంగతి ఎవరూ ఎత్తరేం?

వరంగల్ అడ్వకేట్:

దాని గురించి చెప్పకుంటే ఈ చర్చకు అర్థమే లేదు. 2016 ఫిబ్రవరిలో స్కాలియా చనిపోయిండు. మార్చి 16న ఒబామా గార్లండ్ పేరు పంపిండు. ఎన్నికల సంవత్సరం, ప్రజలు తేల్చాలి అని మెకానెల్ హియరింగ్ కూడా పెట్టలేదు. 293 రోజులు ఆ పేరు అట్లనే ఉండి, సెషన్ ముగియంగనే గడువు తీరిపోయింది. ఓడించలేదు, ఓటుకే పెట్టలేదు.

2020 సెప్టెంబరు 18న గిన్స్‌బర్గ్ చనిపోయింది. అప్పటికే కొన్ని రాష్ట్రాల్లో ఓటింగ్ మొదలైంది. అదే మెకానెల్ ఈసారి ప్రజల తీర్పు కోసం చూడలేదు. అక్టోబరు 26న, ఎన్నికలకు 8 రోజుల ముందు, ట్రంప్ అభ్యర్థి ఎమీ కోనీ బారెట్ 52-48 తో జస్టిస్ అయింది. అప్పుడు సెనేట్, ప్రెసిడెంటు వేర్వేరు పార్టీలు, ఇప్పుడు ఒకటే పార్టీ, అందుకే తేడా అన్నడు. రాజ్యాంగం ప్రకారం రెండూ చెల్లుతయి. అన్యాయం అనిపించొచ్చు గానీ చట్టవిరుద్ధం అనలేము. లలిత మేడం పైన చెప్పింది అందుకే వంద శాతం కరెక్టు.

మోడరేటర్:

ఇక్కడ రెండు పోస్టులు తీసేశాను. ట్రంప్‌ను, బైడెన్‌ను తిట్టుకోవడానికి వేరే థ్రెడ్లు చాలా ఉన్నాయి. జడ్జిల మీదే ఉండండి.

ఎల్‌ఎల్‌ఎం సాహితి:

హియరింగ్‌లో అసలు పరీక్ష ఉంటుందా అని శ్రీను గారు అడిగారు కదా. సుప్రీంకోర్టు అభ్యర్థులైతే ఏమీ చెప్పరు. "ఆ విషయం నా ముందుకు రావచ్చు కాబట్టి మాట్లాడలేను" అనే ఒక్క మాటతో గంటలు గడిపేస్తారు. 1987లో బోర్క్ మనసులో ఉన్నదంతా విప్పి చెప్పి 42-58 తో ఓడిపోయాడు. ఆ తర్వాత ఆ తప్పు ఎవరూ చేయలేదు.

జిల్లా అభ్యర్థుల హియరింగ్ మాత్రం ఒకసారి చూడండి, వేరేలా ఉంటుంది. నలుగురైదుగురిని ఒకే బల్ల ముందు వరసగా కూర్చోబెడతారు. వెనక వరసలో అమ్మానాన్నలు, పిల్లలు. ముందు కుటుంబాన్ని పరిచయం చేయడంతోనే మొదలవుతుంది. చాలామంది సెనేటర్లు అసలు రారు, వచ్చినవాళ్ళు ఐదు నిమిషాలు అడిగి వెళ్ళిపోతారు. కానీ లూసియానా సెనేటర్ కెనెడీ ఉన్నాడంటే ఎవరికైనా గుండె దడే. 2017 డిసెంబరులో ట్రంప్ అభ్యర్థి మాథ్యూ పీటర్సన్‌ను "ఎప్పుడైనా జ్యూరీ ట్రయల్ చేశారా?" అని అడిగాడు. లేదు. సివిల్? లేదు. క్రిమినల్? లేదు. స్టేట్ కోర్టులో అయినా? లేదు. "మోషన్ ఇన్ లిమినే అంటే ఏంటి?" (ఫలానా సాక్ష్యం ట్రయల్‌లోకి రానివ్వొద్దని ముందే వేసే పిటిషన్.) దానికీ సరైన జవాబు లేదు. అడిగింది సొంత పార్టీ సెనేటరే! కొద్ది రోజులకే ఆయన తప్పుకున్నాడు. 2023 జనవరిలో బైడెన్ అభ్యర్థి ఒకావిడకూ అదే కెనెడీ చేతిలో అదే గతి. రాజ్యాంగంలో ఆర్టికల్ 5 ఏం చెప్తుందని అడిగితే గుర్తుకు రావట్లేదంది. మా క్లాసులో ఆ రెండు క్లిప్పులూ వేసి చూపిస్తారు. చూస్తుంటే నాకే చెమటలు పట్టాయి.

బేఏరియా రమణ:

అభ్యర్థులకు బార్ అసోసియేషన్ (లాయర్ల సంఘం) రేటింగ్ కూడా ఉంటుంది కదా సాహితీ?

ఎల్‌ఎల్‌ఎం సాహితి:

ఉంటుంది అంకుల్, కానీ పళ్ళు ఊడిపోయాయి. ఐసెన్‌హోవర్ కాలం నుంచి పేరు ప్రకటించక ముందే వాళ్ళను అడిగేవారు. బుష్ 2001లో ఆపాడు, ఒబామా మళ్ళీ పెట్టాడు, ట్రంప్ మళ్ళీ ఆపాడు, బైడెన్ కూడా ముందుగా అడగలేదు. 2020 నవంబరులో క్యాథరిన్ మిజెల్‌కు 33 ఏళ్ళు, అనుభవం చాలదని బార్ "అర్హత లేదు" అంది. అయినా 49-41 తో ఫ్లోరిడాలో జిల్లా జడ్జి అయింది. 2022లో విమానాల్లో మాస్కు రూలును దేశం మొత్తానికి కొట్టేసింది ఆవిడే.

మిర్చి యార్డు:

33 ఏళ్ళకు జీవితాంతం పదవి! ఇదంతా చూస్తే మన కొలీజియమే నయం. పార్టీలూ లేవు, టీవీలూ లేవు.

వరంగల్ అడ్వకేట్:

టీవీలు లేకపోవుడే అక్కడ సమస్య తమ్మీ. కొలీజియం అంటే సీనియర్ జడ్జిలే కొత్త జడ్జిలను ఎంచుకునుడు. సుప్రీంకోర్టుకైతే చీఫ్ జస్టిస్, ఆయన తర్వాత నలుగురు. ఎవరిని ఎందుకు తీసుకున్నరో, ఎవరిని ఎందుకు వద్దన్నరో బయటికి తెలిసేది చాలా తక్కువ. దాని బదులు కమిషన్ పెడదామని పార్లమెంటు 99వ సవరణ తెచ్చింది. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4-1 తో కొట్టేసింది. ఆ ఒక్కరు మన కృష్ణా జిల్లా జాస్తి చలమేశ్వర్ గారు. ప్రజలకు ఏమీ కనపడకుండా నడిచే పద్ధతి మంచిది కాదని తీర్పులో రాసిండు. ఊకె రాసి ఊరుకోలేదు, తర్వాత సంవత్సరం కొలీజియం మీటింగులకే పోనన్నడు, మినిట్స్ రాయట్లేదని.

మా బార్‌లో జడ్జి కావాలని ఆశ ఉన్నోళ్ళు ఉన్నరు. అప్లికేషన్ ఎక్కడ పెట్టాలి? పెట్టడానికే ఉండదు. పేరు పోయిందో లేదో గూడ ఒక్కోసారి చెవిన పడాల్సిందే. అక్కడ లలిత మేడం చెప్పిన ప్రశ్నావళి లాంటిది ఇక్కడ ఒక్కటి ఆన్‌లైన్‌లో కనపడితే అప్పుడు మాట్లాడుదాం. కాకపోతే ఇక్కడ హైకోర్టులో 62, సుప్రీంకోర్టులో 65 కు రిటైర్ కావాలె. ఆ ఒక్క విషయంలో మనదే మంచిగున్నది.

ఫ్రిస్కో శ్రీను:

అవును, సియాటిల్ రీగన్ జడ్జి 1981 నుంచి ఉన్నాడు అంటే ఎలా? అంతకాలం ఎవరూ దించరా?

న్యూజెర్సీ లలిత:

దించాలంటే అభిశంసన ఒక్కటే దారి. దిగువ సభ అభియోగం మోపాలి, సెనేట్‌లో మూడింట రెండొంతులు ఓటేయాలి. ఈ దేశ చరిత్రలో అలా పదవి పోయింది 8 మంది ఫెడరల్ జడ్జిలకే. వాళ్ళలో ఆల్సీ హేస్టింగ్స్ అనే ఆయన కథ విచిత్రం. 1989లో లంచం కేసులో పదవి తీసేస్తే, 1992లో ఎన్నికల్లో గెలిచి తనను అభిశంసించిన ఆ సభలోనే మెంబరై చనిపోయేదాకా కూర్చున్నాడు.

ఇక ఆ సియాటిల్ జడ్జి 2006లోనే సీనియర్ స్టేటస్ తీసుకున్నారు. శ్రీను గారూ, అన్నిటికన్నా ముఖ్యమైన మెలిక ఇక్కడుంది, జాగ్రత్తగా వినండి. 65 ఏళ్ళు నిండి, వయసూ సర్వీసూ కలిపి 80 అయితే జడ్జి పూర్తి జీతంతో పక్కకు జరగొచ్చు. కావాలంటే తక్కువ కేసులు చూస్తూ కొనసాగొచ్చు. ఆయన జరగగానే సీటు మాత్రం ఖాళీ అయినట్టే, కొత్తవాళ్ళను వేయొచ్చు. ఎప్పుడు జరగాలనేది పూర్తిగా ఆ జడ్జి ఇష్టం. తన ఆలోచనలకు దగ్గరగా ఉన్న ప్రెసిడెంటు వచ్చాకే జరగొచ్చు. చాలామంది చేసేది అదే, పైకి చెప్పరు. నార్త్ కరోలినా నుంచి ఫోర్త్ సర్క్యూట్‌లో ఉన్న జేమ్స్ విన్ పక్కకు జరుగుతానని ముందే చెప్పి, 2024 ఎన్నికల్లో ట్రంప్ గెలిచాక, తన స్థానంలోకి బైడెన్ పంపినాయనకు ఓట్లు లేవని తేలాక, ఆ ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. రిపబ్లికన్లు మండిపడ్డారు. ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

కొత్త సీట్ల సంగతీ అంతే. కేసులు పేరుకుపోయాయి, 66 సీట్లు పెంచుదామని 2024 ఆగస్టులో సెనేట్ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఎవరు గెలుస్తారో తెలియదు కాబట్టి ఒప్పుకున్నారు. దిగువ సభ మాత్రం నవంబరు ఎన్నికలు అయ్యేదాకా ఆగి డిసెంబరులో పాస్ చేసింది. గెలిచింది ఎవరో తెలిసిపోయింది కాబట్టి బైడెన్ వీటో చేశాడు. మా జిల్లాలో సివిల్ కేసు ట్రయల్ డేట్ కోసం ఎదురుచూసే క్లయింట్లకు ఇది చెప్పి చూడండి, వాళ్ళ మొహం చూడలేం.

బేఏరియా రమణ:

నాకైతే 18 ఏళ్ళ టర్మ్ పెట్టేయాలి అనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు చనిపోతారా అని దేశమంతా ఎదురుచూడటం ఏం బాగుంది?

న్యూజెర్సీ లలిత:

సుప్రీంకోర్టు వరకు ఒప్పుకుంటాను. జిల్లా జడ్జిలకు మాత్రం వద్దంటాను. టర్మ్ అయిపోయాక ఏ లా ఫర్మ్‌లో చేరాలా అని చూసుకునే జడ్జి ముందు మన కంపెనీ కేసు నడవటం నాకు ఇష్టం లేదు. సియాటిల్‌లో ఆ ఆర్డరు అంత ధైర్యంగా ఇవ్వగలిగారంటే ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు కాబట్టే. వేసినవాళ్ళ పేరు చూసి సగటున ఒక అంచనా వేయొచ్చు, ముఖ్యంగా పైకోర్టుల్లో. మీ ముందున్న ఒక్క కేసుకు ఆ అంచనా పనికిరాదు.

ఫ్రిస్కో శ్రీను:

అందరికీ థాంక్స్. చివరగా ఒకటి. మా కజిన్‌కు ఇమ్మిగ్రేషన్ కోర్టు నుంచి నోటీసు వచ్చింది. అక్కడి జడ్జి కూడా ఇలాగే సెనేట్ దాటి వచ్చినవాళ్ళేనా? కాస్త ధైర్యం చెప్పొచ్చా వాడికి?

న్యూజెర్సీ లలిత:

కాదండీ. పేరుకు జడ్జి, కానీ న్యాయశాఖ ఉద్యోగి. అటార్నీ జనరల్ నియమిస్తారు, సెనేట్ ఓటు ఉండదు, జీవితకాల పదవీ ఉండదు. 2025లో అలాంటి జడ్జిలను చాలామందిని ఉద్యోగంలోంచి తీసేశారు కూడా. అక్కడ ఓడిపోతే ముందు ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ బోర్డుకు వెళ్ళాలి, అదీ న్యాయశాఖలోదే. దాని తర్వాత సర్క్యూట్ కోర్టుకు వెళ్తేనే మొదటిసారి మనం పైన చెప్పుకున్న జడ్జి ఎదురవుతారు. ప్రతి మెట్టుకూ గడువు చాలా తక్కువ, ఒక్క రోజు దాటినా తలుపు మూస్తారు. జడ్జిని ఎవరు వేశారని వెతకడం మానేసి, నోటీసులో ఉన్న హియరింగ్ తేదీ చూసి ఈ వారంలోనే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను పట్టుకోమనండి. హియరింగ్‌కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎగ్గొట్టొద్దని చెప్పండి, రాకపోతే ఆ రోజే డిపోర్టేషన్ ఆర్డరు రాసేస్తారు.